ఆ ఖాళీ జాగాలో ఇంకో మండపం కట్టకండి: సరిహద్దు జిల్లాల తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగు సంఘాల, కుల సంఘాల, గుడి కమిటీల పెద్దలందరికీ నమస్కారం.

నేను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయినవాణ్ణి. మీలో కొందరు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఎండలో నిలబెట్టి పరుగులు తీయించానని ఇప్పటికీ ఎదురుపడినప్పుడల్లా దెప్పుతుంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను. ఇది ఏ ఒక్క సంఘాన్నో ఉద్దేశించింది కాదు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఎక్కడికెళ్ళినా ఒకటే వరస. గుడి పక్కనో, పాత సత్రం వెనకో, చెరువుగట్టు కిందో సంఘం పేర ఓ ఖాళీ జాగా ఉంటుంది. తాతల నాడు ఎవరో పుణ్యాత్ములు రాసిచ్చింది. ఏటా సర్వసభ్య సమావేశంలో దాని మీద రెండే ప్రతిపాదనలు వస్తాయి. ఒకటి, కల్యాణ మండపం. రెండోది పిల్లల మీద కాస్త జాలి ఉన్నవాళ్ళది: ప్లాస్టిక్ జారుడుబల్ల, నాలుగు ఉయ్యాలలు, కింద పేవర్ బ్లాకులు, చుట్టూ గ్రిల్లు, గేటు మీద దాత పేరుతో పాలరాయి.

నేను ఈ రెండూ వద్దంటున్నాను. మండపం ఎందుకు వద్దో చెప్పడానికి పెద్దగా మాటలక్కర్లేదు, మన ఊళ్ళలో పెళ్ళి ముహూర్తాలకన్నా మండపాలే ఎక్కువయ్యాయి. రెండోది ఎందుకు వద్దో చెప్పాలంటే మాత్రం కాస్త వెనక్కి, కాస్త దూరం వెళ్ళాలి.

పిల్లల కోసం ప్రత్యేకంగా కట్టిన ఆటస్థలం అనేది పాత సంగతేం కాదు. కార్ఖానాలొచ్చి, ఊళ్ళు ఉక్కిరిబిక్కిరయ్యి, పిల్లలు రోడ్ల మీద పడ్డాక పుట్టిన ఏర్పాటు. అమెరికాలో ఆ కథని 1885 బోస్టన్‌తో మొదలుపెడతారు. మేరీ జక్రెవ్‌స్కా అనే డాక్టరమ్మ బెర్లిన్ వెళ్ళి, అక్కడి పార్కుల్లో పిల్లల కోసం పోసిన ఇసుక గుట్టల్ని చూసి, మనమూ ఇలా చేద్దామని బోస్టన్‌లోని ఓ సేవా సంఘానికి ఉత్తరం రాసింది. వాళ్ళు నార్త్ ఎండ్ అనే పేటలో ఓ ప్రార్థనా మందిరం పెరట్లో ఇసుక పోయించారు. నార్త్ ఎండ్ అంటే ఎక్కడెక్కడి నుంచో పొట్ట చేతబట్టుకు వచ్చినవాళ్ళ పేట, ఒక్కో ఇంట్లో ఒక్కో భాష. ఆ ఇసుక దగ్గర ఆడవాళ్ళు వంతులవారీగా కూర్చుని పిల్లల్ని కనిపెట్టుకున్నారు. అంతే. జారుడుబల్ల లేదు, ఉయ్యాల లేదు. ఇసుక, దాని పక్కన ఓ మనిషి. అది చూసి ఊరూరా మొదలుపెట్టారు. 1903లో న్యూయార్క్ నగరం స్యూవర్డ్ పార్కులో సొంత ఖర్చుతో ఆటస్థలం తెరిచింది. 1906 నాటికి దేశమంతటికీ కలిపి ఆటస్థలాల సంఘమే ఏర్పడింది, అప్పటి అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దానికి గౌరవాధ్యక్షుడు.

ఇక్కడ మా డ్రిల్లు మాస్టర్ల కులం మీద ఓ చురక వేసుకోవాలి. సంఘం ఏర్పడ్డాక ఆ ఇసుక పక్కన కూర్చున్న అమ్మల జాగాలోకి విజిల్ పట్టుకున్న మాలాంటివాళ్ళం వచ్చేశాం. వరసలో నిలబడు, ఇలా ఊగు, అలా దూకు. వలస పిల్లల్ని ‘సరైన అమెరికన్లు’గా తీర్చిదిద్దాలన్న తాపత్రయం కూడా అందులో కలిసింది. మన వైపుకొస్తే, 1920లో మదరాసులో వై.ఎం.సి.ఎ. అనే క్రైస్తవ యువజన సంఘం తరఫున హ్యారీ బక్ అనే ఆయన వ్యాయామ శిక్షణ కాలేజీ పెట్టాడు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా మనం ఆ మదరాసు ఇలాకా మనుషులమే కదా. నాకు డ్రిల్లు నేర్పిన మాస్టారు అక్కడ చదివినాయనే. ఆయన చలవ వల్లే వాలీబాల్ ఆడాను, దాని పుణ్యాన ఉద్యోగమూ వచ్చింది. కానీ పిల్లలు తమకు తాముగా ఆడుకునే ఆట వేరు, మేం ఆడించే ఆట వేరు. సర్వీసు మొత్తం రెండోదే చేశాను కాబట్టి మొదటిదాని విలువ ఇంకాస్త బాగా తెలుసు.

ఆ మొదటి ఆటకు మన వీధుల్లో జాగా ఎలా ఉండేదో పెద్దలకు గుర్తుచేయనా? బరంపురం నేత వీధుల్లో తెల్లవారుజామున పడుగులు సాగదీసేవారు. అందుకు వీధి పొడుగ్గా, వెడల్పుగా ఉండాలి, ఇళ్ళూ దానికి తగ్గట్టే కట్టుకున్నారు. ఎండ ముదరకముందే పడుగు చుట్టేసేవారు. ఆ తర్వాత వీధి పిల్లలది. బిళ్ళంగోడు, ఏడుపెంకులాట, కోతికొమ్మచ్చి. అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర జరిగిన ఏడాదైతే బాఘ వేషాలు చూసొచ్చిన పిల్లలు నెల్లాళ్ళపాటు పులులే, అరుగుల మీంచి కింద జనం మీదికి దూకుడే. ఎవరూ దాన్ని ఆటస్థలం అనలేదు, ఎవరూ బోర్డు పెట్టలేదు. అరుగు మీద నూలు వడికే ముసలమ్మ ఉండేది, ఆవిడ కన్ను వీధంతా ఉండేది. తగువొస్తే అక్కడే తీర్పు. ఇప్పుడు అరుగులు కొట్టేసి షట్టర్లు పెట్టారు. వీధిలో రెండు వైపులా బైకులు, మధ్యలో ఆటోలు. పిల్లలు ఇంట్లో ఫోను పట్టుకు కూర్చున్నారని వాళ్ళనే తిడుతున్నాం.

వీధిని బండ్లు మింగేసిన కథ మనదొక్కటే కాదు. న్యూయార్క్ పోలీసులు 1914 నుంచే కొన్ని వీధుల్ని ఫలానా వేళల్లో మూసి పిల్లలకు వదిలారు. ఇంగ్లండులో ఇందుకోసం 1938లో చట్టమే తెచ్చారు. నెదర్లాండ్స్‌లో 1971 ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు బండ్ల కింద పడి చనిపోతే, తల్లులూ తండ్రులూ రోడ్డెక్కారు. ‘పిల్లల్ని చంపడం ఆపండి’ అన్నదే వాళ్ళ ఉద్యమం పేరు. బండి మనిషి నడక వేగాన్ని మించకూడదనే నివాస వీధులకు అక్కడ చట్టబద్ధత వచ్చింది ఆ ఒత్తిడి వల్లే. మన నేత వీధికి సాయంత్రం రెండు గంటలు తాడు కట్టమంటే మీరు నన్ను పిచ్చివాడంటారని తెలుసు. అందుకే అది అడగడం లేదు. ఖాళీ జాగా అడుగుతున్నాను.

ఆ నెదర్లాండ్స్‌లోనే, ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన ఇంకో సంగతి మీరు తప్పక వినాలి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది, ఊరు చితికిపోయి ఉంది, డబ్బు లేదు. 1947లో నగర ప్రణాళికా శాఖలో పనిచేసే ఆల్డో వాన్ ఐక్ అనే కుర్ర ఆర్కిటెక్టుకి ఓ చిన్న కూడలిలో ఆటస్థలం పని అప్పగించారు. ఆయన పెట్టించిందేమిటి? వెడల్పాటి సిమెంటు గట్టున్న ఇసుక తొట్టి, అందులో గుండ్రటి రాళ్ళు, పిల్లిమొగ్గలకు కొన్ని ఇనుప కమ్ములు, చుట్టూ చెట్లు, పెద్దలకు బెంచీలు. ఏనుగు బొమ్మలు లేవు, రంగుల కోటలు లేవు. కంచె లేదు. అది చూసిన పక్క పేటవాళ్ళు మాకూ ఒకటి కావాలని నగరపాలక సంస్థకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. ఫలానా వీధి మూలన ఖాళీ జాగా ఉంది, చూడండి అని వాళ్ళే చూపించేవారు. అలా ఉత్తరం మీద ఉత్తరంతో 1978 నాటికి ఆ ఊళ్ళో 700కు పైగా ఆటస్థలాలు వెలిశాయి. వాటిలో కొన్ని, నాజీలు పట్టుకుపోయిన యూదుల ఇళ్ళు కూలిపోగా మిగిలిన ఖాళీ స్థలాల్లో వచ్చినవి. ఒక మనిషి గీసినా, ఎక్కడెక్కడ కావాలో చెప్పింది చుట్టూ ఉన్నవాళ్ళు. తర్వాత చాలావాటిని తీసేశారు. కార్ల పార్కింగు కొన్నిటిని తినేసింది, మరికొన్నిటికి కాలం చెల్లింది. అంటే అడిగేవాళ్ళు తగ్గిపోతే 700 ఉన్నా నిలవవు.

డెన్మార్క్ కథ ఇంకా విచిత్రం. సోరెన్‌సెన్ అనే తోటల రూపశిల్పి ఎన్నో అందమైన ఆటస్థలాలు గీశాడు. పిల్లలేమో వాటిని వదిలి, ఇళ్ళు కడుతున్న చోటికి పోయి చెక్కలు, ఇటుకలు, రేకులతో ఆడుకుంటున్నారు. సరే, తుక్కుతోనే ఆటస్థలం పెడదామని 1931లోనే ఆయన ఆలోచన బయటపెట్టాడు. 1943లో, జర్మన్ సైన్యం దేశాన్ని ఆక్రమించుకున్న రోజుల్లో, కోపెన్‌హేగెన్ దగ్గర ఎమ్డ్రుప్‌లో ఓ గృహ సముదాయంవాళ్ళు దాన్ని నిజం చేశారు. తను చేసిన పనుల్లో కంటికి అన్నిటికన్నా వికారంగా ఉండేది అదేనని, తనకు అన్నిటికన్నా అందమైనదీ అదేనని సోరెన్‌సెన్ తర్వాత రాశాడు. అక్కడ జాన్ బెర్టెల్‌సెన్ అనే ఆయన్ని పెట్టారు, అంతకుముందు ఓడల్లో పనిచేసి, పసిపిల్లల బడిలో శిక్షణ పొందినవాడు. ఆయన పని ఆడించడం కాదు, ఆడుకోనివ్వడం. సుత్తి ఇవ్వడం, మేకు దొరక్కపోతే వెతికిపెట్టడం, తగువు ముదిరితే మధ్యలోకి రావడం. అది చూసొచ్చిన లేడీ ఆలెన్ అనే ఇంగ్లీషావిడ లండన్‌లో బాంబులు పడి కూలిన జాగాల్లో అలాంటివి మొదలుపెట్టించింది.

నేను ఇన్ని దేశాలు తిప్పింది మన మండపం జాగా గురించి ఒక్క ముక్క చెప్పడానికే. ఎక్కడ ఆటస్థలం బతికిందో అక్కడ సామాను కాదు, దాని చుట్టూ ఉన్న మనుషులు ఉన్నారు. ఎక్కడ చచ్చిందో అక్కడ సామాను మాత్రం ఉంది. మన ఊళ్ళలో చూస్తున్నాం కదా. పార్కు ప్రారంభోత్సవం రోజు ఫోటోలు. వానాకాలం వెళ్ళేసరికి ఉయ్యాల గొలుసు ఒకటి తెగుతుంది. బాగుచేయాల్సిన బాధ్యత ఎవరిదో ఎవరికీ తెలీదు. అది తెగినందుకు గేటుకి తాళం వేస్తారు. తాళం వేశాక లోపల షామియానా గుంజలు పేరుస్తారు. మేలో ఇనుప జారుడుబల్ల మధ్యాహ్నం మూడింటికి పెనంలా కాలుతుంది. అక్కడ చెట్టు పెట్టాలని ఎవరికీ తోచదు, ఉన్నదాన్ని పాలరాయి కనబడాలని కొట్టించినవాళ్ళనీ ఎరుగుదును. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుఫాన్లు మన చెట్లని ఎంతగా ఊడ్చుకుపోయాయో చూశాం. మిగిలిన వేపనీ కానుగనీ మనమే కొట్టేస్తామా?

సామానే వద్దా అంటారేమో. వద్దనను. జంగిల్ జిమ్ అని పిల్లలు పాకే ఇనుప చట్రం చూస్తుంటారు కదా, దాని పుట్టుక విన్నారా? 1920లో చికాగో దగ్గర విన్నెట్కాలో సెబాస్టియన్ హింటన్ అనే లాయరు దాన్ని తయారుచేయించాడు. ఆయన తండ్రి లెక్కల పండితుడు. పొడవు, వెడల్పు, ఎత్తు కాక నాలుగో పరిమాణం అంటే ఏమిటో పిల్లలకు ఒంటబట్టాలని జపాన్‌లో ఉన్నప్పుడు ఇంటి దగ్గర వెదుళ్ళతో చట్రం కట్టాడు. పిల్లలకు లెక్క ఎక్కలేదు గానీ చట్రం ఎక్కడం మాత్రం వచ్చేసింది. వెదుళ్ళంటే కొరాపుట్, రాయగడల్లో మనకు కొదవా? బుట్టలల్లేవాళ్ళకూ, పందిళ్ళు వేసేవాళ్ళకూ చెబితే రెండ్రోజుల్లో కట్టిపెడతారు. పుచ్చితే ఏడాదికోసారి మార్చుకోవచ్చు. మార్చే పని ఉంది కాబట్టే ఎవరో ఒకరు దాన్ని పట్టించుకుంటారు. ఢిల్లీలోనో ముంబైలోనో తయారై లారీలో వచ్చిన ప్లాస్టిక్ కోటని ఎవరు బాగుచేస్తారు?

పడతారు, కాళ్ళూ చేతులూ విరుగుతాయి అంటారు. నిజమే, పడతారు. ఆ భయం తీసెయ్యమనను. కానీ ఎక్కడ పడుతున్నారో చూడండి. పేవర్ బ్లాకుల మీద పడితే అడుగున్నర ఎత్తు కూడా ప్రమాదమే. అమెరికాలో 1981 నుంచి ప్రభుత్వమే ఆటస్థలాల భద్రత మీద పుస్తకాలు వేస్తోంది. వాటిలో గట్టిగా చెప్పే మాట, ఉయ్యాల కిందా చట్రం కిందా గట్టి నేల ఉండకూడదు, వదులుగా ఉండే ఇసుకో చెక్కపొట్టో మందంగా ఉండాలని. అదే దేశంలో కేసుల భయంతో అన్నిటినీ పొట్టి చేసి, గుండ్రంగా చేసి, ఊరూరా ఒకే అచ్చులో పోసి పెట్టారు, పదేళ్ళ పిల్లవాడికి అక్కడ చేయడానికేమీ మిగలకుండా పోయింది. మన కాంట్రాక్టర్లు వాళ్ళ కేటలాగు తెచ్చారు గానీ వాళ్ళ ఇసుక తేలేదు.

ఇక ఆడపిల్లల సంగతి. ఇది పెద్దలు కాస్త ఓపిగ్గా వినాలి. మన రెండు భాషల పండుగల్లోనూ ఉయ్యాల ఆడపిల్లల సొత్తు. మనకు అట్లతద్దె, ఒడియా వారికి రజో. రజో మూడు రోజులూ ఆడపిల్లల చేత పని చేయించరు. చెట్టు కొమ్మకు దోలి కట్టి ఊగుతారు, పూచి అనే ఆట ఆడతారు. అలాంటి ఊళ్ళలో పార్కు ఉయ్యాల దగ్గరికెళ్ళి చూడండి, నిలబడి ఊగేది మీసాలొస్తున్న మగపిల్లలే. పన్నెండేళ్ళు దాటిన ఆడపిల్ల కనబడదు. ఎందుకు రావమ్మా అని అడిగితే ఒకమ్మాయి నాతో చెప్పిన జవాబు: ‘అక్కడ మాకు కూర్చునే చోటు లేదు మాస్టారూ.’ ఆడే చోటు అనలేదు, కూర్చునే చోటు అంది. ఆమ్‌స్టర్‌డామ్ ఇసుక తొట్టికి అంత వెడల్పు గట్టు ఎందుకు పెట్టారో నాకు ఆ పిల్ల మాటతో తెలిసొచ్చింది. గోడ వారగా నీడలో నాలుగు అరుగులు కట్టించండి. ఇద్దరమ్మలు కూరగాయలు తరుక్కుంటూ అక్కడ కూర్చుంటే ఆడపిల్లలు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. మరుగుదొడ్డి ఒకటి, దానికి నీళ్ళు. ఇది లేకపోతే మిగతావన్నీ దండగ.

మరో మాట, కొందరికి రుచించకపోవచ్చు. సంఘం జాగా కనక మన పిల్లలకే అనే తీర్మానం దయచేసి చేయకండి. ఒకచోట గేటు దగ్గర సభ్యత్వ కార్డు అడగడం చూశాను, ఆ సంఘం పేరు చెప్పను. మనం ఈ జిల్లాల్లో తక్కువమందిమి. మన పిల్లలకు తెలుగు నిలవాలంటే తెలుగు మాట్లాడుతూ ఆడుకునే చోటు కావాలన్న మీ వాదన నాకు అర్థమవుతుంది. కానీ ఆటలో భాష కార్డు చూసి రాదు. పర్లాకిమిడిలో ఒడియా పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ మన అంకెలే పలకడం విన్నాను, మన పిల్లలు బోహుచోరి ఆడుతూ ఒడియాలో పోట్లాడుకోవడమూ విన్నాను. కొండ మీంచి కూలికొచ్చిన సవర దంపతుల పిల్ల కూడా ఆ గుంపులో ఉండాలి. బయట నిలబెడితే ఆ పిల్ల ఆ సంగతి మర్చిపోదు, మన పిల్లలూ మర్చిపోరు.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కాదా అంటారు. చేయాల్సిందే. 1992 నాటి 74వ సవరణతో రాజ్యాంగంలోకి వచ్చిన 12వ షెడ్యూలులో, పురపాలక సంఘాల పనుల్లో పార్కులు, తోటలు, ఆటస్థలాలు పేరు పెట్టి ఉన్నాయి. విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంటోంది. పిల్లలకు ఆట హక్కు అని చెప్పే ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు మన దేశం 1992లోనే ఒప్పుకుంది. మన రాష్ట్రంలో 2017 చట్టం కింద బస్తీవాళ్ళకు భూమి హక్కులిచ్చారు, ఆ వెంట వచ్చిన జగా మిషన్‌లో దారి, దీపం, నీళ్ళతో పాటు పిల్లల ఆటజాగా కూడా లెక్కలోకి వచ్చింది. బస్తీ జనం సంఘం కట్టుకుని, ఇరుకిరుకు ఇళ్ళ మధ్య జానెడు జాగా తీసి పిల్లలకు వదులుతున్నారు. తరాల నాటి పట్టా చేతిలో ఉన్న మనం ఆ జానెడు వదల్లేమా? దరఖాస్తులు పెట్టండి, నేనూ సంతకం చేస్తాను. ఆ కాగితం తిరిగొచ్చేలోపు అయిదో క్లాసు పిల్లవాడు కాలేజీకి వెళ్ళిపోతాడు.

ఖర్చు మాటకొస్తే, మీరు మండపానికి వేసుకున్న అంచనాలో శ్లాబు మొదటి విడత కూడా అవ్వదు. రెండు మూడు లారీల ఇసుక, పర్మిట్టుతో తెచ్చింది సుమా, రాత్రిపూట వంశధారలోంచి ఎత్తింది కాదు. కుక్కలూ పిల్లులూ పాడుచేయకుండా రాత్రి కప్పడానికో టార్పాలిన్. ఏడాదికోసారి ఇసుక మార్పు. వేప, కానుగ, నేరేడు మొక్కలు, అవి ఎదిగేదాకా తాటాకు పందిరి. నేను గట్టిగా పట్టుబట్టేది మాత్రం జీతం మీద. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా అక్కడుండే ఒక మనిషికి, వీలైతే అదే పేట ఆడమనిషికి, నెల జీతం పెట్టండి. స్వచ్ఛంద సేవ అనకండి, స్వచ్ఛంద సేవ శ్రావణ మాసం దాకా కూడా నిలవదు. పూజారికి ఇస్తున్నాం, వాచ్‌మన్‌కు ఇస్తున్నాం, ఆమెకూ ఇద్దాం. ఆమె చేతిలో విజిల్ మాత్రం పెట్టకండి. మొదటి మూడు నెలలూ ఆమెకు తోడుగా నేనొచ్చి కూర్చుంటాను, నోరు మెదపనని మాటిస్తున్నాను. నన్నెరిగినవాళ్ళకు అదెంత కష్టమో తెలుసు.

పెళ్ళిళ్ళ బుకింగు వచ్చినా సరే ఆ మూడు గంటలు జాగా పిల్లలదేనని రాతపూర్వకంగా తీర్మానం కావాలి. నోటిమాట అయితే మొదటి మాఘమాసానికే షామియానా దిగుతుంది.

ఉగాదికి మీ మీ సంఘాల్లో పంచాంగ శ్రవణం తర్వాత ఎలాగూ లెక్కలు చదువుతారు. ఆ రోజు ఎజెండాలో ఈ సంగతి ఒక అంశంగా పెట్టండి. అమ్మల్నీ పిలవండి, ముందు వరసలో కూర్చోబెట్టండి. పదేళ్ళు దాటిన పిల్లల్ని ఓ అయిదారుగుర్ని కూడా పిలిచి, ఆ జాగా చూపించి, ఏం కావాలో అడగండి. వాళ్ళు స్విమ్మింగ్ పూల్ అంటారు, నవ్వకండి. రెండోసారి అడగండి. బరంపురం చుట్టుపక్కల ఏ ఊళ్ళో మీటింగు పెట్టినా కబురు చేస్తే నా ఖర్చులతో నేనే వస్తాను. పర్లాకిమిడి అవతల అయితే బస్సు ఛార్జీ ఇప్పించండి.

ఇట్లు,
గంజాం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ డ్రిల్లు మాస్టారు